గట్టెక్కిన గులాబి

ఒకానొక రాజ్యంలో, అది ఏ దిక్కున ఉండేదని మాత్రం నన్ను అడక్కండి, పృథ్వీకేతు మహారాజు అని ఒక రాజు ఉండేవాడు. మనిషి చెడ్డవాడు కాడు. కానీ ఆయనకు ముప్ఫైరెండు బిరుదులుండేవి. వందిమాగధులు ఆ ముప్ఫైరెండూ వరసగా చదివి ముగిస్తే తప్ప ఆయన విస్తరి ముందు కూర్చునేవాడు కాడు. పప్పు చల్లారిపోయినా సరే, నెయ్యి పేరుకుపోయినా సరే, బిరుదులు పూర్తి కావలసిందే.

ఆ కొలువులో తిప్పన్న అని ఒక చమత్కారి ఉండేవాడు. అతను నోరు తెరిస్తే సభంతా గొల్లున నవ్వేది. కత్తులు కట్టుకు తిరిగే దండనాయకులు సైతం అతను ఎదురైతే పక్క సందులోకి తప్పుకునేవారు. తిప్పన్నకు తన నోరంటే తనకే మహా ముద్దు. ఈ కథంతా ఆ ముద్దు తెచ్చిన ముప్పే.

రాజు ఊరి బయట గట్టు మీద కొత్త కోట కట్టించాడు. గట్టు దిగువన, కోటకు ఎదురుగా తోట వేయించాడు. దూరదేశాల నుంచి గులాబి మొక్కలు తెప్పించి వరసలు వరసలుగా నాటించాడు. ఒకనాడు నిండు సభలో ఆయన తిప్పన్న వైపు తిరిగి అడిగాడు.

"తిప్పన్నా, మా గులాబి తోట చూశావా? ఏమంటావు?"

తోట వేసిన ఉద్యానాధికారి పక్కనే నిలబడి మీసం సవరించుకుంటున్నాడు. ఆ మీసం చూడగానే తిప్పన్న నాలుక దురద పెట్టింది.

"చూశాను ప్రభూ. అచ్చం మన దండనాయకుల్లాగే ఉన్నాయి. దూరం నుంచి వేషం ఘనం. దగ్గరికి వెళ్తే వాసనే లేదు."

సభ గొల్లుమంది. రాజు కూడా నవ్వాడు. అక్కడితో ఆపి ఉంటే సరిపోయేది. కానీ నవ్వు విన్నాక తిప్పన్న ఆగడం ఎవరూ ఎరగరు.

"మా వీధి చివర నాంచారమ్మ అని ఒక ముసలమ్మ ఉంది ప్రభూ. దండలు కట్టుకుని బతుకుతుంది. ఆవిడ పెరట్లో ఒకే ఒక్క నాటు గులాబి ఉంది. పొద్దున్నే ఆవిడ పూలు కోస్తుంటే వీధి వీధంతా ఘుమఘుమలాడుతుంది. దాని పక్కన పెడితే తమ తోట కాగితం పూల తోటే."

ఈసారి సభ ఇంకా గట్టిగా నవ్వింది. రాజు మాత్రం నవ్వలేదు.

"అయితే రాజ్యంలోకెల్లా మేలైన గులాబి ఒక ముసలమ్మ పెరట్లో ఉందన్నమాట" అన్నాడు. "మా సింహాసనం ఎదుట చలువరాతి తొట్టి ఖాళీగా ఉంది. ఆ చెట్టు అందులో ఉండాలి. గృహప్రవేశమైన మూడోనాడు, పూలన్నిటితో సహా తెచ్చి నాటండి."

ఉద్యానాధికారికి తన కాగితం పూల అవమానం ఇంకా చల్లారలేదు. "ముసలిది అక్కసు కొద్దీ చెట్టును పాడుచేయవచ్చు ప్రభూ. పూచీ దాని మీదే పెడితే మంచిది" అన్నాడు.

"బాగుంది. నాటే పనీ, సాకే పనీ ఆమెదే. పక్షం రోజుల్లో చెట్టు వాడిందా, ఆమె ఊరు విడిచి వెళ్ళాలి."

ఇంతసేపూ నవ్విన సభ ఇప్పుడు ఒద్దికగా తలూపింది. తిప్పన్న గుండెల్లో రాయి పడింది. ఒక్క మీసం మీద సరదాకు ఒక ముసలి ప్రాణాన్ని వీధిలోకి లాగాడు. ఆ సంగతి అతనికి సభ ముగియక ముందే తెలిసింది.

ఆ సాయంత్రమే నాంచారమ్మ ఇంటికి వెళ్ళాడు. ముసలమ్మ అరుగు మీద కూర్చుని దండ కడుతోంది. ఇంటి వెనక ఆ గులాబి చూరు దాటి పెరిగి, కప్పు మీదికి కొమ్మలు వేసింది. మొదలు మణికట్టంత లావుంది. ఇరవై రెండేళ్ళ కిందట ఆవిడ మొగుడు ఏదో ఊరు పెళ్ళికి వెళ్ళి, తడిగుడ్డలో చుట్టి ఒక కొమ్మ తెచ్చి నాటాడు. ఆయన పోయి పదేళ్ళయింది.

"అవ్వా, ఇవాళ సభలో ఒక మాట జారాను" అన్నాడు తిప్పన్న.

"నువ్వు జారని రోజేది బాబూ? ఏమైందో చెప్పు."

చెప్పాడు. దండ కడుతున్న చేతులు ఆగిపోయాయి.

"ఎప్పుడంటున్నారు?"

"ఈ వైశాఖంలోనే."

"వైశాఖంలోనా? పాతుకున్న చెట్టును ఈ ఎండల్లో ఎవరైనా కదిలిస్తారా? మార్గశిరం రావాలి. మంచు పడుతుంటే చెట్టు మగతగా ఉంటుంది. అప్పుడు కదిలించాలి. అదీ ఊరికే పెకలించడం కాదు. ముందు కొమ్మలన్నీ మోకాలెత్తుకు కొట్టెయ్యాలి."

"అంత కొట్టేస్తే చచ్చిపోదా?"

"కొట్టకపోతే చస్తుంది. ఎంత ఒడుపుగా తవ్వినా సగం వేళ్ళు భూమిలోనే తెగిపోతాయి బాబూ. ఆ మిగిలినవి ఎంతకు నీళ్ళు తోడగలవో పైన అంతే ఉంచాలి. ఆ తరవాత ఏడాది పాటు పువ్వు మాట ఎత్తకూడదు. ముందు అది వేళ్ళు పెంచుకోవాలి."

తొట్టి సంగతి, ఒక్క పువ్వు తగ్గకూడదన్న సంగతి కూడా తిప్పన్న చెప్పాడు. ముసలమ్మ కాసేపు చెట్టుకేసి చూసింది.

"అయితే అది నాలుగు రోజులు బతకదు. నేను ఊళ్ళో ఉండను. ఈ వయసులో ఎక్కడికి పోను? నాకున్న దిక్కు ఈ ఇల్లూ, ఈ చెట్టూ."

ఆవిడ తిడుతుందనుకున్నాడు. తిడితే కాస్త తేలికయ్యేది. కానీ ఆవిడ లేచి లోపలికి వెళ్ళి, "ఎండన పడి వచ్చావు" అంటూ ముంతడు మజ్జిగ తెచ్చి ఇచ్చింది. తిప్పన్న ఆ మజ్జిగ తాగకుండానే అరుగు మీద పెట్టి లేచాడు.

మర్నాడు రాజు దగ్గరికి వెళ్ళి బతిమాలాడు. జీవితంలో మొదటిసారి ఒక్క చమత్కారం లేకుండా మాట్లాడాడు.

"మార్గశిరం దాకా ఆగితే చెట్టు దక్కుతుంది ప్రభూ."

"ఆగడం మా వంశంలో లేదు."

"పోనీ, కొమ్మలు కత్తిరించి..."

"కత్తిరించడమా? మొండి మోళ్ళు చూసుకోవడానికా మేము తెప్పిస్తున్నది? ఒక్క రెమ్మ తెగకూడదు. ఒక్క పువ్వు రాలకూడదు."

"వేళ్ళు బారెడు దూరం పాకాయి ప్రభూ. తొట్టి చూస్తే రెండు జానలు."

"తొట్టిలో పట్టినంత ఉంచి తక్కినవి నరికెయ్యండి. వేళ్ళు ఎవరు చూడొచ్చారు? పైకి కనిపించేదంతా పూర్తిగా రావాలి. కింద కనిపించనిది ఎంత వచ్చినా ఒకటే. రాజసం అంటే అదీ."

తిప్పన్న తల ఎత్తి రాజు మొహంలోకి చూశాడు. బతిమాలడానికి వచ్చినవాడు ఆ మాటతో బతిమాలడం మానుకున్నాడు.

"ప్రభూ, ఈ నియమం చెట్టుకేనా? రేపు ఏలినవారు కొత్త కోటకు తరలి వెళ్ళడానికి కూడా ఇదేనా?"

"చెట్టుకొక నియమం, రాజుకొక నియమమా? అన్నిటికీ ఇదే."

"అయితే ఆ తరలింపు పని నాకు అప్పగించండి. ఏలినవారి నియమం పొల్లు పోకుండా పాటిస్తాను."

గట్టు మీదికి సామాను చేర్చే తలనొప్పి ఎవరి నెత్తిన పడుతుందా అని మంత్రులు అప్పటికే హడలిపోతున్నారు. అందరూ ఒక్క గొంతుతో సరే అన్నారు. రాజు కూడా సంతోషించాడు.

వైశాఖ శుద్ధ దశమి వచ్చింది. ఆ ఊరేగింపు చూసినవాళ్ళు ఏళ్ళ తరబడి చెప్పుకున్నారు. ముందు ఏనుగులు, వాటి వెనక గుర్రాలు, ఆ వెనక శ్వేతచ్ఛత్రం. వింజామరలు వీచేవాళ్ళు పదహారు మంది. మేళగాళ్ళు, పండితులు, జ్యోతిష్కులు, నాట్యకత్తెలు. తాతముత్తాతల పటాలు మోసేవాళ్ళు. బిరుదుకొకడు చొప్పున ముప్ఫైరెండు మంది వందిమాగధులు. ఒక్కటీ తగ్గలేదు. రాజు పల్లకీలోంచి తొంగి చూసి తృప్తిగా తలూపాడు.

ఆ గట్టు మీద నీళ్ళు లేవు. బావి తవ్వుతుంటే బండ పడి పని ఆగిపోయింది. నీళ్ళన్నీ కింది బావుల నుంచి కావళ్ళ మీద ఎక్కాల్సిందే. ఈ సంగతి రాజుకు తెలియదు. ఆయన జన్మలో కావడి మోసేవాణ్ణి చూడలేదు. వాళ్ళు దొడ్డిదారిన వచ్చి దొడ్డిదారిన పోతారు కదా.

పూజలయ్యాయి. రాజు సింహాసనం ఎక్కాడు. వందిమాగధులు ముప్ఫైరెండు బిరుదులూ చదివారు. ఎండ నడినెత్తి మీదికి వచ్చింది. రాజుకు దాహం వేసింది. బంగారు చెంబు తెచ్చారు. చెంబు ఖాళీగా ఉంది. ఏం చేయాలో తోచక వందిమాగధులు మళ్ళీ మొదటి బిరుదు నుంచి ఎత్తుకున్నారు.

"భోజనమైనా వడ్డించండి" అన్నాడు రాజు.

ఒకే ఒక్క వంటవాడు చెమటలు కక్కుతూ వచ్చి, ఒక చిన్న గిన్నెలో పొడి అటుకులు పెట్టి వెళ్ళాడు. సభలో నాలుగు వందల మంది ఆ గిన్నెకేసి చూశారు. బయట ఏనుగు ఘీంకరించింది. దానికీ నీళ్ళు లేవు.

"తిప్పన్నను పిలవండి" అన్నాడు రాజు. గొంతు ఎండిపోయి ఆ మాట సగమే వినిపించింది.

తిప్పన్న వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆ నిబ్బరం పైకి మాత్రమే. ఇప్పుడు మాట తప్పుదారి పడితే ఊరు విడిచేది నాంచారమ్మ ఒక్కతే కాదు.

"నీళ్ళేవయ్యా?"

"ఒక కావడి వచ్చింది ప్రభూ. పూజకూ, పాదాలు కడగడానికీ సరిపోయింది."

"ఒక్క కావడా? పాత కోటలో ఎన్ని ఉండేవి?"

"అరవై ప్రభూ."

"తక్కినవన్నీ ఏమయ్యాయి?"

"నరికేశాను ప్రభూ."

తిప్పన్న మెల్లగా చెప్పాడు.

"మనుషుల్ని కాదు, రావడాన్ని. పాత కోటలోనే ఉండమన్నాను. కావడి వాళ్ళు యాభై తొమ్మిది మంది. వంటవాళ్ళు ఎనభై మంది. కట్టెలు కొట్టేవాళ్ళు, రుబ్బేవాళ్ళు, పాలు పితికేవాళ్ళు, అంట్లు తోమేవాళ్ళు. వాళ్ళలో ఎవరూ పైకి కనిపించరు కదా ప్రభూ. కనిపించనిది ఎంత వచ్చినా ఒకటే అన్నారు. అందుకని తొట్టిలో పట్టినంత ఉంచాను. పైన మాత్రం ఒక్క రెమ్మ తెగలేదు. గొడుగు వచ్చింది. వింజామరలు వచ్చాయి. ముప్ఫైరెండు బిరుదులూ వచ్చాయి. ఒక్క పువ్వు రాలకుండా తెచ్చాను."

రాజు ఎదురుగా ఉన్న ఖాళీ తొట్టికేసి చూశాడు. తన చేతిలో ఉన్న ఖాళీ చెంబుకేసి చూశాడు. ఉద్యానాధికారి ఆశగా భటుల వైపు చూస్తున్నాడు.

"ఇప్పుడేం చేయాలంటావు?" అన్నాడు రాజు చివరికి.

"పాత కోటలోని పనివాళ్ళంతా గట్టెక్కాలంటే బావి పడాలి, పొయ్యిలు కట్టాలి, ఎండలు తగ్గాలి. మార్గశిరమవుతుంది. ఈలోగా ఏలినవారు ఇక్కడే ఉండాలంటే పైనున్న మందిని తగ్గించుకోవాలి. ఒక వంటవాడు, ఒక కావడి ఎంతమందికి పెట్టగలరో అంతమందే."

"ఎంతమందికి?"

"అయిదుగురికి."

"మరి మా బిరుదులో?"

"మోకాలెత్తుకు కొట్టెయ్యాలి ప్రభూ."

సరిగ్గా అప్పుడే ఆ ఒక్క కావడీ మోసే ఎర్రపోతు రొప్పుకుంటూ గుమ్మంలోకి వచ్చాడు. రెండు కుండల్లో నీళ్ళు తళతళలాడుతున్నాయి. రాజుగారు ఏదో సేవించబోతున్నారని గ్రహించి వందిమాగధుల పెద్ద గొంతు సవరించుకున్నాడు. రాజు చెయ్యెత్తి ఆపాడు.

"ముందు నీళ్ళు."

బంగారు చెంబు పక్కన పెట్టి, కుండ ఎత్తించుకుని దోసిట పట్టి తాగాడు. జరీ శాలువా అంచు తడిసిపోయింది. తాగి, మూతి తుడుచుకుని, వందిమాగధుల తెరిచిన నోళ్ళు చూశాడు. ఆయన పొట్ట మెల్లగా కదలడం మొదలెట్టింది. తరవాత పకపకా నవ్వాడు. సింహాసనం మీద వెనక్కి వాలిపోయి, కళ్ళ నీళ్ళు వచ్చేలా నవ్వాడు.

"ముప్ఫైరెండు బిరుదులూ ఒక దోసెడు నీళ్ళ ముందు నిలవలేదయ్యా" అన్నాడు. తరవాత ఎర్రపోతు వైపు తిరిగి, "నీ పేరేమిటి?" అని అడిగాడు. రాజు ఒక కావడి వాణ్ణి పేరడగడం ఆ రాజ్యంలో అదే మొదలు.

అక్కడికక్కడే తన భుజాల మీది జరీ శాలువా తీసి తిప్పన్నకు కప్పాడు. "ఇంకేం కావాలో కోరుకో" అన్నాడు.

"ఆ గులాబిని ఉన్నచోటే ఉండనివ్వండి ప్రభూ."

రాజు నవ్వు మొహంతో కాసేపు ఆగాడు. "ఊ, తరవాత?"

"తరవాత ఏమీ లేదు ప్రభూ."

"ఇందులో మెలిక ఏది?"

"మెలిక లేదు. ఊరికే అడుగుతున్నాను."

దాంతో రాజు మళ్ళీ విరగబడి నవ్వాడు. "తిప్పన్న ఊరికే అడగడమట. ఇవాళ్టి చమత్కారాల్లోకెల్లా ఇదే పెద్దది" అన్నాడు. సభ కూడా నవ్వింది. "ముసలమ్మను ఊళ్ళోంచి ఎవరూ పొమ్మనరు. తొట్టి తీసేయించి నేలలోనే చోటు చేయిస్తాం. చెట్టును మార్గశిరంలో ఆమె ఎలా చెప్తే అలాగే కదిలించండి. కానీ రావడం మాత్రం వస్తుంది. నిండు సభలో అన్న మాట కదా, వెనక్కి తీసుకుంటే ఏం బాగుంటుంది?"

తిప్పన్న ఇంకా రెండు సార్లు అడిగాడు. అడిగిన కొద్దీ వాళ్ళు నవ్వారు. ఇరవై ఏళ్ళుగా తన మాట వినగానే నవ్వడం వాళ్ళకు తనే అలవాటు చేశాడు. ఇవాళ ఏడ్చినా వాళ్ళకు అది వేషంలాగే కనిపిస్తుంది. శాలువా బరువుగా ఉంది. ఆ బరువుతోనే గట్టు దిగాడు.

మార్గశిరం రానే వచ్చింది. ఒక మంచు ఉదయం నలుగురు మనుషులూ, గునపాలూ, బండీ వెంటబెట్టుకుని తిప్పన్న నాంచారమ్మ పెరట్లోకి వచ్చాడు. ముసలమ్మ కొడవలి అప్పటికే నూరి ఉంచింది. ఎవరినీ చెయ్యి వేయనివ్వలేదు. కప్పు మీదికి పాకిన కొమ్మల నుంచి మొదలుపెట్టి ఒక్కొక్కటే తనే కోసింది. కొన్నిటికి ఇంకా మొగ్గలున్నాయి. వాటి దగ్గర చెయ్యి కాస్త ఆగేది, మళ్ళీ కోసేది. చివరికి మోకాలెత్తు ముళ్ళ మోడు మిగిలింది.

మనుషులు చుట్టూ గుండ్రంగా తవ్వారు. వేళ్ళు తెగుతున్న చప్పుడు వినిపించింది. ప్రతి చప్పుడుకూ తిప్పన్న మొహం తిప్పుకున్నాడు. మట్టిగడ్డ పైకి వచ్చాక అతను తన భుజం మీది జరీ శాలువా తీసి ముసలమ్మకు అందించాడు.

"చలిగా ఉంది. కప్పుకో అవ్వా."

ఆవిడ శాలువాను వేళ్ళతో నలిపి చూసింది. "గట్టి నేతే" అంది. "తడిపి ఆ మట్టిగడ్డకు చుట్టు. మన్ను రాలకుండా ఉంటుంది. గోనె ఉంది గాని చిల్లులు పడింది."

అలాగే చుట్టారు. బండి గట్టెక్కింది. రాజు గుమ్మంలో నిలబడి ఎదురు చూస్తున్నాడు. సాక్షాత్తు తన శాలువా బురదలో తడిసి ముళ్ళ మోడును మోసుకు రావడం చూసి ఆయన నవ్విన నవ్వు కింద ఊళ్ళోకి వినిపించిందని చెప్పుకునేవారు. "రాజు భుజం మీది శాలువాకు ఇంతకన్నా పెద్ద పని ఎవరు చెప్పగలరయ్యా" అని, తిప్పన్నకు అంతకన్నా మంచి శాలువా ఇంకొకటి కప్పించాడు.

తిప్పన్న రోజూ గట్టెక్కి ఆ మోడుకు నీళ్ళు పోశాడు. ఏడాది పాటు అది ఆకులు తప్ప ఏమీ ఇవ్వలేదు. రాజు ఆశ్చర్యంగా ఓపిక పట్టాడు. పూలేవని ఒక్కసారి కూడా అడగలేదు. రెండో ఏడు మాఘమాసంలో మొదటి పువ్వు విచ్చింది. తిప్పన్న రాజు అనుమతి అడిగి, ఆ పువ్వు కోసుకుని నాంచారమ్మ ఇంటికి వెళ్ళాడు.

పెరట్లో చెట్టు ఉన్న గుంట పూడ్చి ఆవిడ తోటకూర చల్లింది. దండలకు పూలు ఇప్పుడు అంగడి నుంచి తెచ్చుకుంటోంది. ఈ మధ్య ఆవిడకు చూపు కూడా మందగించింది. పువ్వును అరచేతిలో పెట్టుకుని, ముక్కు దగ్గరికి తీసుకుని నిండుగా వాసన పీల్చింది.

"బతికింది" అంది.

"బతికింది అవ్వా. ఇంకా మొగ్గలున్నాయి. నీళ్ళు నేనే పోస్తున్నాను."

"నువ్వు తెలివైనవాడివి బాబూ. నన్ను ఊళ్ళో ఉంచావు. దాని ప్రాణం నిలబెట్టావు. ఆ సంగతి అందరితోనూ చెప్తూనే ఉంటాను."

ముసలమ్మ పువ్వును ఇంకోసారి వాసన చూసింది.

"ఆ రోజు సభలో నువ్వు ఆ మాట అనకుండా ఉంటే, ఇది ఇక్కడే పూసేది కదా."

కోపంగా అనలేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టు అంది. దేశదేశాల పండితుల నోళ్ళు మూయించినవాడు, మహారాజును సింహాసనం మీదే దాహంతో కూర్చోబెట్టి ఒప్పించినవాడు, తిప్పన్న ఆ అరుగు మీద కూర్చుని జవాబు కోసం వెతికాడు.

"పూసేది అవ్వా" అన్నాడు.